మడమలు కిందికి, వేళ్ళు పైకి

మా మునిసిపల్ ఆఫీసుకి మొదటిసారి వచ్చినవాళ్ళు గుమ్మం దాటగానే ఆగి, గోడ పట్టుకుని, "ఇక్కడేమన్నా భూకంపం వచ్చిందాండీ?" అని అడుగుతుంటారు. భూకంపం రాలేదు. భ్రమరాంబగారి ఎడమ మడమలో నొప్పి వచ్చింది.

ఆ సంగతంతా దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి వరసగా చెబుతాను. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో సీనియర్ అసిస్టెంటుని. పేరు దక్షిణామూర్తి. కమిషనర్ గారి నోట్లో ఒక మాట పుడితే దానికి ముందు "ఇందుమూలముగా" అనీ, వెనక "కఠిన చర్యలు తీసుకొనబడును" అనీ తగిలించి లోకం మీదికి వదలడం నా ఉద్యోగం.

భ్రమరాంబగారు కుళాయి పన్ను కౌంటర్లో పనిచేసేది. ఆ కౌంటరు కట్టించిన మహానుభావుడెవరో గాని, మనిషి ఛాతీ ఎత్తున కట్టించాడు. కూర్చుంటే జనానికి ఆవిడ కొప్పు తప్ప ఇంకేమీ కనపడదు. అందుకని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నించునే రసీదులు రాసేది. అలా ఏళ్ళ తరబడి నించుంటే ఏ కాలు మాత్రం ఊరుకుంటుంది? పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేసేసరికి మడమలో మేకు దిగినట్టుండేదట. తలుపులూ గోడలూ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళేదట.

ఫిజియోథెరపీ డాక్టరమ్మ చూసి, "పిక్కలు బిగుసుకుపోయాయమ్మా. అవి మడమని లాగుతున్నాయి, అరికాలు మండుతోంది," అని చెప్పి వాలుపలక మీద నించోమంది. వాలుపలక అంటే పెద్ద విద్యేం కాదు. ఏటవాలుగా ఉండే చిన్న చెక్కబల్ల. మడమలు కిందికి, వేళ్ళు పైకి ఉండేట్టు దానిమీద ఎక్కి, మోకాళ్ళు వంచకుండా కాసేపు నించోవడమే. పిక్కలు మెల్లగా సాగుతాయి. పొద్దున కాసేపు, మధ్యాహ్నం కాసేపు. మరీ లాగితే దిగిపోవాలి. అంతే వైద్యం.

ఆవిడ భర్త కామేశంగారు ఎక్కడో పాత తలుపు చెక్క సంపాదించి వడ్రంగి చేత పలక చేయించాడు. భ్రమరాంబగారు దాన్ని ఆఫీసుకి తెచ్చుకుని, మధ్యాహ్నం అన్నం తిన్నాక కౌంటరు వెనక నించునేది. కొన్ని వారాలకి ముఖంలో కళ వచ్చింది. "ఇవాళ మెట్లు నేనే దిగొచ్చానండీ మూర్తిగారూ," అని నవ్వుతూ చెప్పింది నాతో. అక్కడితో ఆగిపోయి ఉంటే నేనీ కథ చెప్పాల్సిన పనే లేదు.

అప్పుడే మాకు కొత్త కమిషనర్ విరూపాక్షరావుగారు వచ్చారు. ఆయనకి తనిఖీలంటే ప్రీతి. ఓ మధ్యాహ్నం కౌంటర్ల వెనక నడుస్తూ వచ్చి, పలక మీద నించున్న భ్రమరాంబగారి దగ్గర ఆగిపోయారు.

"ఏమిటది?"

"పలకండి."

"అది కనపడుతోంది. కార్యాలయ ఆవరణలో అనధికారికంగా ఉన్నతి ఎందుకు పొందారని అడుగుతున్నాను. తోటి సిబ్బంది అంతా ఒక మట్టంలో ఉండగా మీరొక్కరే పైన ఉండటానికి ఉత్తర్వులున్నాయా?"

భ్రమరాంబగారు కంగారుగా దిగి, మడమ నొప్పి సంగతీ డాక్టరమ్మ సంగతీ చెప్పింది. ఆయన వింటున్నారు గాని, బరువంతా ఎడమకాలి మీద వేసి నించున్నారు. వచ్చిన కొత్తలోనే మేం గమనించాం, కమిషనర్ గారు కొంచెం కుంటుతారు. మామూలు ఉద్యోగి కుంటితే కుంటాడంటారు. కమిషనర్ గారు కుంటితే అది హుందాగా నడవడం. కాబట్టి మేమెవరం ఆ మాట ఎత్తలేదు. భ్రమరాంబగారికి మాత్రం నొప్పి పడ్డవాళ్ళ కన్ను కదా.

"సార్‌కి కుడి మడమా అండీ?" అంది మెల్లగా.

ఆయన అటూ ఇటూ చూశారు. నేను వెంటనే ఫైల్లోకి చూశాను.

"...కుడే," అన్నారు.

"ఒక్కసారి ఎక్కి చూడండి. చెప్పులు విడిచి. ఆఁ, అలాగే. మడమలు కిందికి, వేళ్ళు పైకి."

విరూపాక్షరావుగారు ఎక్కారు. మొదట పళ్ళు బిగించారు. తర్వాత కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి ఆయన నోట్లోంచి "హమ్మయ్య" అనే మాట వచ్చింది. ఆ నోట్లోంచి అంత చిన్న మాట రావడం మేం అంతకుముందు వినలేదు.

మర్నాటి నుంచి ఆయన రోజూ మధ్యాహ్నం కౌంటరు వెనక్కి వచ్చి ఆ పలక మీద నించునేవారు. అంతసేపూ భ్రమరాంబగారు పక్కన నేలమీద నించునేది. నెల తిరిగేసరికి కమిషనర్ గారి కుంటు పోయింది. మామూలు మనిషికి సుఖం దొరికితే అనుభవించి ఊరుకుంటాడు. అధికారికి దొరికితే అది పథకమవుతుంది.

సమావేశం పెట్టారు. "పట్టణ పరిపాలన అంతా పాదాల మీద ఆధారపడి ఉంది," అంటూ మొదలుపెట్టారు విరూపాక్షరావుగారు. "పాదాలు పిక్కల మీద ఆధారపడి ఉన్నాయి. పిక్కలు బిగుసుకుంటే పాలన బిగుసుకుంటుంది. ఈ సత్యాన్ని ఇంతవరకూ ఏ మునిసిపాలిటీ గుర్తించలేదు."

పథకానికి 'పాద సౌభాగ్యం' అని పేరు పెట్టారు. నేను సర్క్యులర్ రాశాను. "ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయునదేమనగా, కార్యాలయ వేళలలో నిలబడు ప్రతి ఉద్యోగియు వాలుపలకపై మాత్రమే నిలబడవలెను. మడమలు కిందికి, వేళ్ళు పైకి ఉండవలెను. తద్విరుద్ధముగా ఉంచిన పాదములపై కఠిన చర్యలు తీసుకొనబడును."

పలకలు చేయించే పని ఇంజినీరు నీలకంఠంగారికి అప్పగించారు. ఆయన భ్రమరాంబగారి పలకని అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు.

"ఇంత తక్కువ వాలుకి మా విభాగంలో పని మంజూరు కాదండి. దీనిమీద మురుగు నీళ్ళయినా పారవు."

"నీళ్ళు పారక్కర్లేదయ్యా, మనుషులు నించుంటారు," అన్నారు కమిషనర్ గారు.

"అయినా సరే సార్. ఈ కాస్త వాలే ఇంత మేలు చేస్తే, రెట్టింపు వాలు రెట్టింపు మేలు చెయ్యాలి గదా, లెక్క ప్రకారం?"

ఆ తర్కం కమిషనర్ గారికి ఎంతో నచ్చింది. రెట్టింపు వాలుతో పలకలు లారీలో దిగాయి. మొదటిరోజు ఎక్కినవాళ్ళు ఎక్కినట్టే వెనక్కి వచ్చి గోడకి ఆనుకున్నారు. వేలిముద్ర హాజరు యంత్రాన్ని పైకి జరిపి, పలక ఎక్కితే గాని చెయ్యి అందని ఎత్తులో బిగించారు. మోకాలి ఆపరేషన్ అయిన మా అకౌంటెంటుగారు మినహాయింపు కోరితే, "మినహాయింపు దరఖాస్తులు వాలుపలకపై నిలబడి స్వయముగా సమర్పించినచో పరిశీలించబడును," అని జవాబొచ్చింది. నేనే రాశాను.

భ్రమరాంబగారి పాత పలకని 'ప్రమాణరహిత వాలు' కింద స్వాధీనం చేసుకుని స్టోరుగదిలో పడేశారు. ఆవిడ ధైర్యం చేసి కమిషనర్ గారి దగ్గరికి వెళ్ళింది.

"డాక్టరమ్మ కాసేపే నించోమందండి. రోజంతా నించుంటే మేలు సరిగదా, ఉన్నది చెడుతుందిట."

"చూడమ్మా, మందు మంచిదైనప్పుడు నాలుగు డోసులు ఎక్కువ పడితే తప్పేముంది?"

"మందయితే పోతారండి."

"నిరుత్సాహకరంగా మాట్లాడకూడదు. ఈ పథకానికి తొలి లబ్ధిదారు మీరు," అని ఆయన ఆప్యాయంగా చెప్పి పంపించారు. ఆ సాయంత్రమే ఫోటోగ్రాఫరు వచ్చాడు. మర్నాటికి ఆఫీసు గేటు మీద పెద్ద ఫ్లెక్సీ లేచింది. భ్రమరాంబగారు చేతులు జోడించి నవ్వుతోంది. పక్కనే కమిషనర్ గారు ఆవిడ పాదాలకేసి చెయ్యి చూపిస్తున్నారు. కింద "నా మడమ నొప్పి పూర్తిగా పోయింది" అని ఎర్రక్షరాలు.

పథకం అక్కడితో ఆగలేదు. సిబ్బందికి అందిన సౌభాగ్యం ప్రజలకి అందొద్దా అన్నారు కమిషనర్ గారు. అయితే వచ్చిపోయే జనానికల్లా పలకలెక్కడ తెస్తాం? నీలకంఠంగారు దానికీ మార్గం చెప్పాడు. నేలనే పలక చేసేస్తే సరి.

చేసేశారు. పలకలన్నీ స్టోరుగదికి పోయాయి. గుమ్మం దగ్గర మొదలై, కౌంటర్ల హాలు మీదుగా, కమిషనర్ గారి గది దాకా నేల ఒకే వాలుగా పైకి లేచింది, పలకకి ఎంత వాలుందో సరిగ్గా అంత. ఆ చివర నేల ఎంత ఎత్తుకి పోయిందంటే కమిషనర్ గారి గదిలో ఫ్యాను పీకేయాల్సి వచ్చింది. గుమ్మం ఎత్తు చాలక, ఆయన దగ్గరికి వెళ్ళేవాళ్ళంతా నడుము వంచి లోపలికి వెళ్ళేవారు. అది నేల వల్ల అని కొత్తవాళ్ళు గ్రహించేవారు కారు.

పని పూర్తయ్యాక ఒక చిక్కు బయటపడింది. వేళ్ళు పైకి ఉండాలంటే మనిషి ఎగువకి తిరిగి నించోవాలి. కౌంటర్లో ఉన్నవాళ్ళు జనంకేసి తిరిగితే వేళ్ళు కిందికి పోతాయి. సర్క్యులర్ ప్రకారం అది నేరం. అంచేత కౌంటర్ సిబ్బంది అంతా కమిషనర్ గారి గదికేసి తిరిగి, జనానికి వీపు చూపిస్తూ పనిచెయ్యాలని ఉత్తర్వులిచ్చారు. డబ్బు భుజం మీదుగా తీసుకుని రసీదు చంకకింద నుంచి ఇచ్చేవారు. "ఇందులో కొత్తేముందండీ?" అన్నాడు పన్ను కట్టడానికొచ్చిన ఒకాయన. ఆయన్ని మేం పట్టించుకోలేదు.

ఫైళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా ఆఫీసులో ఫైళ్ళు కదలవని ఊళ్ళో చాలాకాలంగా ఫిర్యాదు ఉండేది. ఆ వారంతో తీరిపోయింది. కట్టలు కట్టలుగా టేబుళ్ళ మీంచి జారి, హాలంతా దాటి, గుమ్మం పక్కన ఉండే నా టేబులు దగ్గరికి చేరేవి. కిందికి రావడమే గాని పైకి వెళ్ళడం వాటి స్వభావంలో లేదు. కమిషనర్ గారి సంతకం కావలసిన ఫైలుని అటెండరు అప్పలకొండ భుజాన వేసుకుని ఎక్కి వెళ్ళేవాడు. అతను దిగేలోగా అది అతనికంటే ముందే వచ్చేసేది.

జనం కష్టం వేరు. క్యూలో ముందుకు వచ్చినవాళ్ళు కాస్త పట్టు తప్పితే వెనక్కి జారిపోయేవారు. పేటలో ఇడ్లీలమ్ముకునే గవరమ్మ అని ఒక ముసలావిడ, కుళాయిలో నీళ్ళు రావడం లేదని ఫిర్యాదు చెయ్యడానికి రోజూ వచ్చేది. కౌంటరు దాకా ఎక్కేది, కొంగు సర్దుకుందామని చెయ్యి వదిలేది, నెమ్మదిగా జారుతూ నా టేబులు పక్కకి వచ్చేసేది.

"ఏం బాబూ, ఇదేం నేల?" అని అడిగింది నన్ను.

"మీ పిక్కల కోసమమ్మా."

"నా పిక్కలు బానే ఉన్నాయి. నాకు నీళ్ళు కావాలి."

ఆవిడలాంటివాళ్ళు ఎక్కువైతే కమిషనర్ గారు నన్ను పిలిచి సవరణ రాయించారు. "క్యూలో వెనుకకు జారిపోవు పౌరులు తమ అభ్యర్థనను స్వచ్ఛందముగా ఉపసంహరించుకొన్నట్లు భావించబడును." ఆ నెల పెండింగు ఫిర్యాదులు ఒక్కటీ లేని మునిసిపాలిటీగా మాకు ప్రశంస వచ్చింది.

ఈ గొడవలో భ్రమరాంబగారి మడమ మళ్ళీ మొదటికొచ్చింది. మొదటికంటే పాడైందనే చెప్పాలి. రోజంతా ఆ వాలు మీద నించుని రెండు కాళ్ళూ పట్టేశాయి. ఓ సాయంత్రం అందరూ వెళ్ళిపోయినా ఆవిడ కౌంటరు పట్టుకుని అలాగే నించుని ఉంటే, నేను ఎక్కి వెళ్ళాను.

"వెళ్ళడం లేదాండీ?"

"వెళ్దామనే ఉందండీ మూర్తిగారూ. కాలు తియ్యడానికే భయంగా ఉంది," అంది. కళ్ళనిండా నీళ్ళు. "మా ఆయనేమో మానెయ్యమంటున్నారు. మానేస్తే ఇల్లెలా గడుస్తుంది? అసలు నాకొచ్చిన జబ్బుకి మందు దొరికింది. ఆ మందే నన్ను తినేస్తోంది. ఇదెవరికి చెప్పుకోను?"

నా భుజం పట్టుకుని గుమ్మం దాకా దిగింది. నాకు నవ్వు రాలేదు. మర్నాడు ఆవిడ చేత సెలవు దరఖాస్తు పెట్టించి, నేనే తీసుకుని పైకి వెళ్ళాను. ఆవిడా వంగి లోపలికొచ్చింది.

కమిషనర్ గారు దరఖాస్తు చదివి అద్దాలు తీశారు. "మడమ నొప్పికి వైద్యం నిమిత్తమా? మీ మడమకి నొప్పి ఎలా ఉంటుందమ్మా?"

"పొద్దున్న లేవగానే ఎక్కువండి. పోను పోను..."

"అది కాదు. నొప్పి పోయిందని గేటు మీద ఉంది కదా. వచ్చే వారం రాజధాని నుంచి డైరెక్టర్ మేడమ్ పథకం చూడటానికి వస్తున్నారు. మీరు ముందుకొచ్చి నాలుగు మాటలు చెప్పాలి. రాష్ట్రమంతా ఈ వాలు అమలు చెయ్యాలని ప్రతిపాదన పంపాను. ఇలాంటి సమయంలో మీకు నొప్పి ఉండటం క్రమశిక్షణ అనిపించుకోదు." దరఖాస్తు తిరిగిచ్చేశారు. అది ఆయన చేతిలోంచి జారి మాకంటే ముందు గుమ్మం చేరింది.

డైరెక్టర్ ఇందుమతీదేవిగారు వచ్చే రోజు ఆఫీసంతా మామిడాకులు కట్టారు. సిబ్బంది అంతా ఎగువకి తిరిగి బారుగా నించున్నాం. మేడమ్‌కి ఎదురెళ్ళి స్వాగతం చెప్పాలంటే దిగువకి తిరగాలి కాబట్టి, పూలగుత్తి కూడా అప్పలకొండ వెనక్కి చెయ్యి చాచి అందించాడు.

ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతూనే గబగబా లోపలికొచ్చారు. కాళ్ళకి ఎత్తుమడమల చెప్పులు. నేల వాలు ఎంతుందో ఆ మడమల ఎత్తు సరిగ్గా అంతుంది. మేమంతా వెనక్కి వాలి కాలివేళ్ళు బిగించి నించుంటే, ఆవిడ మాత్రం హాలు మధ్యలో నిటారుగా, తాపీగా నించుని ఫోన్ కట్టేశారు.

కమిషనర్ గారు పథకం గురించి దీర్ఘంగా విన్నవించి, భ్రమరాంబగారిని ముందుకు పిలిచారు. ఆవిడ కౌంటరు పట్టుకుంటూ వచ్చింది.

"మీరేనా ఫ్లెక్సీలో ఉన్నది? నొప్పి తగ్గిందా?" అని అడిగారు మేడమ్.

భ్రమరాంబగారు కమిషనర్ గారి ముఖం చూసింది. ఆయన నవ్వుతూ తల ఊపుతున్నారు. ఆవిడ తన పాదాలకేసి చూసుకుంది. తర్వాత గొంతు సవరించుకుని, "లేదండి," అంది. "మొదట తగ్గింది. ఈ నేల వేశాక మళ్ళీ వచ్చింది. ఈ వాలు మీద నించోలేకపోతున్నానండి. నేనే కాదు, ఎవరూ నించోలేకపోతున్నారు."

డైరెక్టర్ గారు కింద నేలకేసి, తన చెప్పులకేసి చూసుకున్నారు. ఒకటి రెండుసార్లు కాలు తాటించారు.

"వాలా?" అన్నారు. "ఏ వాలు?"

కమిషనర్ గారికి అర్థం కాలేదు. "ఇదే మేడమ్. మీరు నించున్నదే."

"నాకు చదునుగానే ఉందే. ఏమండీ, మీకేమన్నా వాలు తెలుస్తోందా?" అని తన వెంట వచ్చిన సహాయకుణ్ణి అడిగారు. అతను ద్వారబంధాన్ని రెండు చేతులా వాటేసుకుని ఉన్నాడు. "లేదు మేడమ్," అన్నాడు.

"అంటే నేలకి వాలు వేశామని రాసి, నిధులు ఖర్చుపెట్టి, చదును నేల చూపిస్తున్నారన్నమాట." మేడమ్ మళ్ళీ ఫోన్ తీశారు. "విచారణ వేయిస్తాను."

విచారణాధికారి రాగానే విరూపాక్షరావుగారు, నేలకి వాలుందని నిరూపించుకోవడానికి పడ్డ పాట్లు చూస్తే శత్రువుకైనా జాలేస్తుంది. తాపీమేస్త్రీల రసమట్టం తెప్పించి నేలమీద పెట్టారు. బుడగ వెళ్ళి ఒక కొసన కూర్చుంది. "ఈ పరికరానికి ధ్రువీకరణ ఉందా?" అని అడిగారు విచారణాధికారి. లేదు. పక్కన పెట్టించారు. నిమ్మకాయ తెప్పించి ఎగువ నుంచి వదిలారు. అది హాలంతా దొర్లి, గుమ్మం దాటి, వీధిలోకి వెళ్ళిపోయింది. "నిమ్మకాయ గుండ్రముగా ఉన్నందున దొర్లినది," అని విచారణాధికారి ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండో చేత్తో రాసుకున్నారు.

చివరికి కమిషనర్ గారు భ్రమరాంబగారి కౌంటరు దగ్గరికి తనే దిగి వచ్చారు. గొంతు తగ్గించి, "అమ్మా, ఇక మీ నొప్పే నాకు దిక్కు. ఉన్నదున్నట్టు చెప్పండి," అన్నారు.

ఆవిడ పాపం కాదనలేదు. విచారణాధికారి ముందుకెళ్ళి, "నేల వాలేనండి. నా కాళ్ళే సాక్ష్యం. నొప్పి భరించలేకపోతున్నాను," అంది.

ఆయన కిటికీలోంచి గేటు మీదికి చూశారు. "నొప్పి పూర్తిగా పోయిందని మీ ఫోటోతో సహా అక్కడుంది. అది కమిషనర్ ఆమోదంతో కట్టిందేనా?"

"కట్టిందేనండి," అన్నారు విరూపాక్షరావుగారు నీరసంగా.

నివేదిక వచ్చింది. కార్యాలయపు నేల చదునుగా ఉన్నదని ధ్రువీకరించడమైనది. విరూపాక్షరావుగారిని కొండమీది ఒక ఊరికి బదిలీ చేశారు. అక్కడ వీధులన్నీ ఏటవాలేనట, మడమలు చాలా సుఖంగా ఉన్నాయని కబురు చేశారు. నీలకంఠంగారు నేలని మళ్ళీ చదును చెయ్యడానికి అంచనాలు పంపితే, "ఇదివరకే చదునుగా ఉన్న నేలను చదును చేయుటకు నిధులు మంజూరు చేయ వీలు లేదు," అని తిరుగు టపాలో జవాబొచ్చింది.

దానికి తోడు ఇంకో ఉత్తర్వు. పాద సౌభాగ్యం పథకం రద్దు కాలేదు గనక, నేల చదునుగా ఉన్నందున, స్టోరులో ఉన్న వాలుపలకలన్నీ వెంటనే తీసి, చాలకపోతే కొత్తవి చేయించి, ప్రతి సీటు దగ్గరా, ప్రతి కౌంటరు ముందూ వెయ్యాలి. అంటే వాలు మీద వాలు. ఆ ఉత్తర్వు చదివి భ్రమరాంబగారు కౌంటరు మీద తల పెట్టుకుంది. "మా ఆయనకి చెప్పండి మూర్తిగారూ, నన్ను తీసుకెళ్ళడానికి రమ్మని. ఇక నా వల్ల కాదు."

అప్పలకొండ పలకలు మోసుకొచ్చి వేస్తున్నాడు. జారుతూ, లేస్తూ, దిగువ నుంచి ఎగువకి వస్తూ, చేతికి ఎలా వస్తే అలా పడేస్తున్నాడు. భ్రమరాంబగారి కౌంటరు దగ్గర ఒకటి పడేసి పోయాడు. ఆవిడ నిట్టూర్చి దానిమీద కాలు పెట్టింది. ఆగిపోయింది. రెండో కాలు కూడా పెట్టింది. కౌంటరు మీంచి చెయ్యి తీసేసింది.

"మూర్తిగారూ," అని పిలిచింది. "ఒకసారి రండి."

వెళ్ళాను. అప్పలకొండ పలకని తిరగేసి వేశాడు. ఎత్తుగా ఉండే అంచు పల్లం వైపు, పల్చటి అంచు ఎగువ వైపు పడింది. నేల వాలూ పలక వాలూ ఒకదాన్నొకటి మింగేసి, పైన చక్కటి చదును మిగిలింది. భ్రమరాంబగారు ఆ చదును మీద మెల్లగా గుండ్రంగా తిరిగింది. తిరిగి, ఎన్నో నెలల తర్వాత, జనంకేసి ముఖం పెట్టి నించుంది.

ఎదురుగా గవరమ్మ కౌంటరు కడ్డీ పట్టుకుని వేలాడుతోంది. "అమ్మయ్య, నీ మొహం ఇదా తల్లీ," అంది.

నేను ఉత్తర్వు మళ్ళీ చదివాను. పలకలు వెయ్యాలని ఉంది. ఏ వైపుకి వెయ్యాలన్నది లేదు. సాయంత్రానికి ఆఫీసంతా తిరగేసి వేసేశాం. క్యూలో ప్రతి మనిషికీ ఒక పలక, కదలకుండా కింద గోనెపట్టా ముక్క. గవరమ్మ ఫిర్యాదు రాయించి, అది నమోదయ్యేదాకా అక్కడే నించుని, తన కాళ్ళతో తనే నడిచి వెళ్ళింది. వారంలో ఆవిడ కుళాయికి నీళ్ళొచ్చాయి. భ్రమరాంబగారి మడమ కూడా, రోజంతా లాగడం తప్పేసరికి, మెల్లగా దారికొచ్చింది. ఇంటి దగ్గర పొద్దునా సాయంత్రం డాక్టరమ్మ చెప్పినంతసేపే పలకెక్కేది.

తర్వాత వచ్చిన కొత్త కమిషనర్ గారు మొదటిరోజే హాలంతా కలయజూసి నివ్వెరపోయారు. ఆఫీసులో ఉద్యోగులూ ప్రజలూ ఒక్కరు మిగలకుండా వాలుపలకల మీద ఉన్నారు, అందరి ముఖాలూ ప్రశాంతంగా ఉన్నాయి. ఇంత నిష్ఠగా పథకం అమలైన చోటు ఇంకొకటి చూడలేదని పైకి రాశారు. పథకాన్ని రాష్ట్రమంతా విస్తరించాలని ఉత్తర్వులొచ్చాయి. ఊరూరూ తిరిగి అనుభవం చెప్పడానికి ఒక ప్రతినిధి కావాలన్నారు. తొలి లబ్ధిదారు కంటే తగినవారెవరు?

"నేను చెయ్యనండి," అంది భ్రమరాంబగారు.

"జీపు ఇస్తారు. కూర్చుని చేసే పని," అన్నారు కొత్త కమిషనర్ గారు.

ఆవిడ కాస్త ఆలోచించి ఒప్పుకుంది.

మొదటి ప్రయాణానికి నేను కూడా వెళ్ళాను, ప్రసంగం డ్రాఫ్టు చేసింది నేనే గనక. పక్క పట్టణం మునిసిపాలిటీ. అక్కడ సభ పెట్టారు, దండలేశారు. భ్రమరాంబగారు నేను రాసిచ్చిన నాలుగు మాటలూ పొల్లుపోకుండా చదివింది. చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక కాఫీ తాగుతుంటే, వాళ్ళ కౌంటర్లో పనిచేసే ఒకావిడ, ముప్పై దాటి ఉంటాయేమో, గోడ పట్టుకుంటూ మెల్లగా దగ్గరికొచ్చింది.

"అమ్మా, ఎవరితోనూ అనకండి. నాకు కూడా మడమ నొప్పి. పొద్దున్న లేస్తే కాలు కింద పెట్టలేను. ఆ పలక మీద నించుంటే నిజంగా తగ్గుతుందా?"

భ్రమరాంబగారు కాఫీ పక్కన పెట్టింది. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిజంగానే తగ్గుతుందమ్మా," అంది. "ఇంటి దగ్గర ఒకటి చేయించుకో. వాలు తక్కువుండాలి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. లాగితే దిగిపో. కొన్నాళ్ళకి హాయిగా నడుస్తావు."

తర్వాత అటూ ఇటూ చూసింది. వాళ్ళ కమిషనర్ గారు దూరంగా ఎవరితోనో ఫోటో దిగుతున్నారు. భ్రమరాంబగారు ఆ అమ్మాయి చెవి దగ్గరికి వంగింది.

"తగ్గాక మాత్రం, తగ్గిందని ఆఫీసులో ఎవరికీ చెప్పకు."